‘ట్యాసిట్’: మౌనం పలికే సగం మాట

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేళ్లుగా తెలుగు మాధ్యమంలో విద్య గరపుతున్న పాఠశాల పండుగలో ఒక ఆంగ్లపదాన్ని గురించి ప్రసంగమేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. తెలుగులో చదువు చెప్పడమంటే ఆంగ్లానికి తలుపులు మూయడమని అర్థం కాదు. పరభాషా పదమొకదాన్ని మూలమట్టంగా తెలుసుకొన్న విద్యార్థికి సొంత భాషలోని మాటల విలువ కూడా ఇనుమడిస్తుంది. ‘ట్యాసిట్’ అనే చిన్న పదం అందుకు చక్కని ఉదాహరణ. పైగా ఈ పదంతో ఈ పాఠశాల భవిష్యత్తుకు కూడా సంబంధం ఉన్నది. ఆ సంగతి ప్రసంగాంతంలో విశదమవుతుంది.

ఉన్నత తరగతుల విద్యార్థులకు ఈ పదం సాధారణంగా ఆంగ్ల పత్రికలలో ఎదురవుతుంది. ‘ట్యాసిట్ సపోర్ట్’, ‘ట్యాసిట్ అప్రూవల్’ అనే పదబంధాలు రాజకీయ వార్తలలో తరచుగా కనిపిస్తాయి. విద్యార్థి నిఘంటువు తెరుస్తాడు. ‘మౌనమైన’ అన్న అర్థం దొరుకుతుంది. వెంటనే సొంతవాక్యంలో ‘ద ట్యాసిట్ బాయ్’ అని వ్రాస్తాడు. వ్యాకరణ దృష్టితో చూస్తే అందులో దోషం లేదు. కాని ఆంగ్లం మాతృభాషగా గలవారెవ్వరూ అలా అనరు. మాట్లాడని పిల్లవాడిని వారు ‘సైలెంట్’ అంటారు, ‘క్వైట్’ అంటారు, ‘ట్యాసిట్’ అనరు. నిఘంటువు ఇచ్చిన అర్థానికీ, లోకంలోని వాడుకకూ మధ్యగల ఈ ఎడం ఎక్కడ నుండి వచ్చింది?

ముందుగా పద జననం. లాటిన్ భాషలో మౌనాన్ని తెలిపే క్రియలు రెండు. మొదటిది ‘సిలేరే’. చప్పుడు లేకుండడం దీని ప్రధానార్థం. రాత్రికి, అడవికి, అలలు అణగిన సముద్రానికి ఈ క్రియ చెల్లుతుంది. ‘సైలెంట్’, ‘సైలెన్స్’ అనే ఆంగ్లపదాలు దీని సంతానం. రెండవది ‘టాకేరే’. మాట్లాడగలిగి ఉండి మాట్లాడకుండడం దీని ప్రధానార్థం. కనుక ఇది ముఖ్యంగా మనిషికి చెందిన మౌనం. కాలక్రమాన ఈ రెండు క్రియలూ ఒకదాని చోట మరొకటి వాడబడినప్పటికీ మూలంలోని భేదం గుర్తుంచుకోదగినది. ‘టాకేరే’ నుండి పుట్టినదే ‘ట్యాసిట్’. ఆంగ్లంలో ఇది 17వ శతాబ్ది నుండి వాడుకలో ఉన్నది. ఉచ్చారణలో ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది.

రోమను చరిత్రకారులలో అగ్రగణ్యుడైన టాసిటస్ పేరు కూడా ఈ క్రియ నుండి వచ్చినదే. ఆ పేరుకు ‘మౌనంగా ఉన్నవాడు’ అని అర్థం. క్రీ.శ. 81 నుండి 96 వరకు డొమిషియన్ చక్రవర్తి సాగించిన నిరంకుశ పాలనలో రోము నగరపు ప్రముఖులు నోరు మెదపలేకపోయారు. ఆ చక్రవర్తి హతుడైన తరువాత, క్రీ.శ. 98లో, టాసిటస్ తన మామగారి జీవితచరిత్రను ‘అగ్రికోలా’ అన్న పేరుతో రచించాడు. అలా పదిహేనేండ్లు అణగిపోయిన గొంతులను గురించిన ఆవేదన ఆ గ్రంథారంభంలోనే వినిపిస్తుంది. మౌనం అనే పేరు పెట్టుకొన్న వ్యక్తి, బలవంతపు మౌనం వల్ల కలిగే నష్టాన్ని లోకానికి చెప్పినవాడయ్యాడు.

‘ట్యాసిట్’ పదానికి తోబుట్టువులు రెండున్నాయి. స్వభావం చేతనే తక్కువ మాట్లాడే మనిషిని ‘ట్యాసిటర్న్’ అంటారు. తెలుగులో ‘ముభావి’ అన్న మాట దీనికి దగ్గరగా వస్తుంది. తన మనసులోని సంగతి బయటపెట్టడానికి ఇష్టపడనివారిని ‘రెటిసెంట్’ అంటారు. తెలుగువారు ‘గుంభనగా ఉంటాడు’ అనేది ఇటువంటివారినే. ఇటీవల పలువురు ఈ ‘రెటిసెంట్’ పదాన్ని ‘వెనుకాడే’ అన్న అర్థంలో వాడుతున్నారు. పరీక్షలో వ్రాసే విద్యార్థులు మాత్రం మాటకు సంబంధించిన సంకోచానికే దానిని పరిమితం చేయడం మేలు.

ఈ రెండూ మనిషికి విశేషణాలు. ‘ట్యాసిట్’ అలా కాదు. అది ఒప్పందానికి, సమ్మతికి, ఆమోదానికి, అవగాహనకు, జ్ఞానానికి విశేషణమవుతుంది. నోటితో అనకపోయినా ఉన్నదని అందరికీ తెలిసిన విషయాన్ని ఆ పదం సూచిస్తుంది. అందుకే దానికి వ్యతిరేకార్థక పదం ‘శబ్దం చేసే’ అన్నది కాజాలదు. ‘ఎక్స్‌ప్రెస్’ అనగా మాటలలో వ్యక్తం చేసినది, ‘ఎక్స్‌ప్లిసిట్’ అనగా విప్పి చెప్పినది దానికి వ్యతిరేకపదాలు. ‘ఇంప్లిసిట్’ అన్న పదం దీనికి సమీపబంధువే గాని కవల కాదు. ‘ఇంప్లిసిట్’ అంటే మడతలో ఇమిడి ఉన్నదని మూలార్థం. పలికిన మాటలోనే ఆ భావం దాగి ఉండవచ్చు. ‘ట్యాసిట్’ అన్నప్పుడు మాట పలుకబడకుండానే, మౌనం వల్లనో ప్రవర్తన వల్లనో భావం తెలియవస్తుంది.

నిత్యజీవితంలో దీనికి ఉదాహరణలు కోకొల్లలు. వీధికొళాయి వద్ద నీళ్లు రాకముందే బిందెలు వరుసగా నిలిచి ఉంటాయి. మనుషులు ఇళ్లకు పోయి పని చూసుకొంటారు. బిందె ఉన్నచోట దాని యజమానురాలు ఉన్నట్లే లెక్క. ఈ నియమాన్ని వ్రాసినవారు లేరు, చదివి వినిపించినవారు లేరు. అయినా దానిని మీరినప్పుడు వీధి అంతా ఒక్క గొంతుతో తప్పుపడుతుంది. బస్సు కిటికీలో నుండి సీటు మీద వేసిన రుమాలుకూ ఇదే గౌరవం. ఇవి ‘ట్యాసిట్ అగ్రిమెంట్’లు. 1872 నాటి భారతీయ ఒప్పందాల చట్టం 9వ సెక్షను కూడా వాగ్దానాలను ఈ విధంగానే రెండు తెగలుగా విభజిస్తుంది. మాటలలో చేసినది వ్యక్త వాగ్దానం. మాటలలో కాక మరొక విధంగా చేసినది ఊహ్య వాగ్దానం.

ఇంతవరకు చిక్కులేదు. ఒక మనిషి మౌనాన్ని మరొక మనిషి సమ్మతిగా వ్యాఖ్యానించినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఊరకున్నవాడు ఒప్పుకొన్నట్లే భావించవలెనని ప్రాచీన న్యాయసూత్రం ఒకటి ఐరోపాలో ఉండేది. ఇంగ్లండులో సర్ థామస్ మోర్ ఈ సూత్రాన్నే తన ప్రాణరక్షణకు ఆశ్రయించాడు. ఎనిమిదవ హెన్రీ రాజు కోరిన ప్రమాణం చేయడానికి 1534లో ఆయన నిరాకరించాడు. కారణం మాత్రం చెప్పలేదు. 1535 జూలై 1న జరిగిన విచారణలో ఆయన మౌనాన్నే నేరంగా చూపబోయారు. చట్టం దృష్టిలో మౌనం సమ్మతిని తెలుపుతుందే గాని ధిక్కారాన్ని తెలుపదని ఆయన వాదించాడు. వాదం నిలువలేదు. అదే నెల 6వ తేదీన ఆయనకు శిరచ్ఛేదం జరిగింది. ఒకే మౌనాన్ని ఆయన అంగీకారమన్నాడు, రాజపక్షం ద్రోహమన్నది. మౌనానికి స్వయంగా నోరులేదు. బలవంతుడు చెప్పిన అర్థమే దానికి అర్థమై కూర్చుంటుంది.

రాజ్యాధికార విషయంలోనూ ఈ చర్చ సాగింది. ఒక దేశంలో నివసిస్తూ, అక్కడి దారుల వెంట స్వేచ్ఛగా తిరిగేవారు ఆ ప్రభుత్వానికి మౌనసమ్మతి ఇచ్చినట్లేనని 17వ శతాబ్ది చివర జాన్ లాక్ ప్రతిపాదించాడు. ‘ట్యాసిట్ కన్సెంట్’ అన్న పదబంధానికి అంతటి ప్రచారం ఆ గ్రంథం వల్లనే కలిగింది. 1748లో డేవిడ్ హ్యూమ్ దీనిని ఖండించాడు. నిద్రపోతున్న మనిషిని ఓడలోకి మోసుకొనిపోయి, మెలకువ వచ్చిన తరువాత అతడు ఓడలోనే ఉన్నాడు కనుక కెప్టెను అధికారాన్ని ఒప్పుకొన్నాడనడం వంటిదే ఈ వాదమని ఆయన ఆక్షేపణ. ఓడ దిగడమంటే సముద్రంలో దూకడమే గదా! కాదనడానికి వీలున్నచోటనే మౌనం సమ్మతి కాగలదని ఈ దృష్టాంతం బోధిస్తుంది.

1862లో ఇంగ్లండు న్యాయస్థానం ఒక గుర్రం వ్యాజ్యంలో ఇంకొక మెట్టు ముందుకు వేసింది. తండ్రి సోదరుడొకడు తన అన్నదమ్ముల బిడ్డకు లేఖ వ్రాస్తూ, ‘గుర్రాన్ని గురించి నీ నుండి మరే కబురూ రాకపోతే 30 పౌండ్ల 15 షిల్లింగులకు అది నాదైనట్లే’ అనే భావాన్ని తెలిపాడు. ఆ యువకునికి అమ్మే ఉద్దేశం ఉన్నది. కాని జవాబు వ్రాయలేదు. ఈలోగా వేలం వేసే వ్యక్తి పొరపాటున ఆ గుర్రాన్ని మరొకరికి అమ్మివేశాడు. పినతండ్రి దావా వేశాడు. జవాబు వ్రాయనంత మాత్రాన ఒప్పందం కుదిరినట్లు కాదని న్యాయస్థానం తీర్పు చెప్పింది. మనసులో ఇష్టం ఉన్నప్పటికీ, దానిని తెలియజేయనంతవరకు అది అంగీకారం కాజాలదు. ‘ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లీ’ అన్న పేరుతో న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ ఈ తీర్పును చదువుతారు.

ఇక తెలుగు విషయానికి వద్దాం. ‘ట్యాసిట్’ పదానికి ‘అనుక్తమైన’, ‘చెప్పకనే తెలిసే’ అని సందర్భాన్ని బట్టి అనువదించవచ్చు. ‘ట్యాసిట్ కన్సెంట్’ను ‘మౌనాంగీకారం’ అనవచ్చు. అయితే వీటన్నిటికంటె బలమైన దేశ్యపదం తెలుగు ఇళ్లలోనే ఉన్నది. అది ‘ఊరుకోవడం’. ఏడ్చే బిడ్డను ‘ఊరుకో తల్లీ’ అంటారు; అక్కడ అది ఓదార్పు. ‘నేను ఊరుకోను’ అంటే సహించనని హెచ్చరిక. ‘అన్యాయం జరుగుతుంటే చూస్తూ ఊరుకున్నారు’ అంటే వారి మౌనంలో బాధ్యత కూడా ఉన్నదని నింద. మాట్లాడకుండడం, సహించడం, జరగనివ్వడం అనే మూడు భావాలనూ ఒకే క్రియలో ఇమిడ్చిన నేర్పు తెలుగువారిది. ‘మౌనం’ అన్న సంస్కృతపదానికి మరొక అందం ఉన్నది. ముని యొక్క భావం మౌనం. అక్కడ మౌనం తపస్సు, సాధన. ఆంగ్లంలోని ‘ట్యాసిట్’ పదానికి అటు తపస్సు వాసన లేదు, ఇటు నింద వాసనా లేదు.

అన్నిటికంటె ఆలోచింపజేసేది ‘మౌనం అర్ధాంగీకారం’ అన్న నానుడి. దీనిని కొందరు ‘అర్థాంగీకారం’ అని థకారంతో వ్రాస్తుంటారు. అది తప్పు. ఇక్కడ ధకారమే ఉండవలెను. ‘అర్ధ’ అంటే సగం. ఊరకున్నవాడు పూర్తిగా ఒప్పుకొన్నాడని ఐరోపా న్యాయసూత్రం అన్నది. తెలుగు నానుడి సగమే ఒప్పుకొన్నాడన్నది. తక్కిన సగాన్ని అడిగి తెలుసుకోవలసిన బాధ్యతను అది ఎదుటివారి మీద పెట్టింది. ఒక్క వత్తు మార్పుతో ఎంతటి న్యాయం చేజారిపోతుందో విద్యార్థులు గ్రహించవలెను.

ఈ సగం సంగతి తరగతి గదిలో ప్రతి గంటకూ అవసరమవుతుంది. పాఠం చెప్పి ‘అర్థమైందా?’ అని ఉపాధ్యాయులు అడుగుతారు. తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది. అర్థమైనట్లే భావించి పాఠం ముందుకు సాగుతుంది. ఆ నిశ్శబ్దంలో ఎన్నో రకాలున్నాయి. నిజంగా అర్థమైన బిడ్డ ఉన్నది. అర్థం కాలేదంటే నవ్వుతారని జంకే బిడ్డ ఉన్నది. ఏమి అర్థం కాలేదో చెప్పడానికి మాటలు దొరకని బిడ్డ ఉన్నది. కొత్త భాషలోకి అడుగుపెట్టిన పసివారు కొంతకాలం వింటూ మాత్రమే ఉంటారని, ఆ మౌనం మందబుద్ధికి గుర్తు కాదని భాషాబోధన శాస్త్రం కూడా చెబుతుంది. హ్యూమ్ చెప్పిన ఓడ ప్రయాణికుని వలె, బిడ్డ తరగతి విడిచి పోజాలదు. కనుక ‘అర్థమైందా?’ అన్న ప్రశ్నకు బదులు ‘ఎంతవరకు అర్థమైందో నీ మాటల్లో చెప్పు’ అన్న ప్రశ్న తరగతిలో వినిపించవలెను. తక్కిన సగం అప్పుడే బయటపడుతుంది.

విద్యార్థి మౌనం మన దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లిన సందర్భమొకటి ఉన్నది. 1985 జూలైలో కేరళలోని ఒక పాఠశాల ముగ్గురు తోబుట్టువులను బడి నుండి తొలగించింది. జాతీయగీతం పాడే సమయంలో వారు అందరితోపాటు వినయంగా లేచి నిలబడేవారు. తమ మత విశ్వాసం కారణంగా పాడేవారు కారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తొలగింపును రద్దు చేసి, పిల్లలను తిరిగి చేర్చుకోవలెనని ఆదేశించింది. పాడి తీరవలెనని నిర్బంధించే చట్టమేదీ లేదని, గౌరవంగా నిలబడినవారి మౌనం అగౌరవం కాదని, ఆ తొలగింపు వాక్స్వాతంత్ర్యానికీ మతస్వాతంత్ర్యానికీ భంగకరమని నిర్ణయించింది. ఆ తీర్పు వ్రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి తెలుగువారు. మౌనంగా నిలబడిన పిల్లలను చూసి ‘ధిక్కారం’ అని తొందరపడకుండా, ‘ఎందుకు?’ అని అడిగిన తీర్పు అది.

‘ట్యాసిట్’ పదానికి 20వ శతాబ్దిలో మరొక గొప్ప సాంగత్యం లభించింది. అది ‘ట్యాసిట్ నాలెడ్జ్’. హంగరీలో జన్మించిన మైకేల్ పోలానీ 1966లో వెలువరించిన ‘ద ట్యాసిట్ డైమెన్షన్’ గ్రంథం దీనిని ప్రసిద్ధం చేసింది. మనిషికి తెలిసినదంతా మాటలలో పెట్టడం సాధ్యం కాదని ఆయన సిద్ధాంతం. సైకిలు తొక్కేవాడు పడిపోకుండా ఎలా నిలుస్తున్నాడో చెప్పలేడు; తొక్కుతాడు. జనసమ్మర్దంలో తెలిసిన ముఖాన్ని పోల్చుకొన్నవాడు దేనిని బట్టి పోల్చుకొన్నాడో చెప్పలేడు, పోల్చుకొంటాడు.

మాతృభాష అటువంటి జ్ఞానమే. ‘మేము సినిమాకు వెళ్తున్నాం’ అంటే వింటున్నవారికి అందులో చోటు లేదు. ‘మనం సినిమాకు వెళ్తున్నాం’ అంటే వినేవారు కూడా అందులో ఉన్నారు. ఆంగ్లంలో ఈ రెంటికీ ‘వి’ ఒక్కటే. తెలుగింట పెరిగిన బిడ్డకు ఈ భేదాన్ని ఎవరూ సూత్రం వేసి చెప్పరు. అయినా బడిలో చేరేనాటికే ఆ బిడ్డ దీనిని తడుముకోకుండా వాడుతుంది. ఎవరిని ‘రండి’ అనాలో, ఎవరిని ‘రా’ అనాలో, పిన్నికీ అత్తకూ తేడా ఏమిటో ఆ బిడ్డకు తెలుసు. ఇది పాఠ్యపుస్తకం ఇవ్వగలిగిన జ్ఞానం కాదు. అమ్మమ్మ మందలింపులో, నాన్న పిలుపులో, అక్కాచెల్లెళ్ల తగవులో నోటి నుండి చెవికి చేరే జ్ఞానం. పాఠశాల దానికి అక్షరం తొడుగుతుంది, వ్యాకరణం నేర్పుతుంది, సాహిత్యం చూపుతుంది. ఇంట్లో మాట ఆగిపోతే పాఠశాల తొడిగే అక్షరానికి ఒళ్లుండదు.

తెలుగునేలకు వెలుపల స్థిరపడిన కుటుంబాలకు ఈ సంగతి మరింత వర్తిస్తుంది. అంగడిలో ఆ రాష్ట్ర భాష, కచేరీలో ఆ రాష్ట్ర భాష, ఉద్యోగానికి ఆంగ్లం. ఇవన్నీ కావలసినవే, ఆశ్రయమిచ్చిన నేల భాషను చక్కగా నేర్వడం ధర్మం కూడా. కాని ఈ నడుమ తెలుగును విడిచిపెట్టాలని ఏ కుటుంబమూ కూర్చొని తీర్మానించదు. ఒకరోజు బిడ్డ తెలుగులో అడిగిన ప్రశ్నకు పెద్దలు మరొక భాషలో జవాబిస్తారు. మరొకరోజు బిడ్డే ఆ భాషలో అడుగుతుంది. ఎవరూ వద్దనరు, ఎవరూ ఔననరు, అందరూ ఊరుకొంటారు. ‘ట్యాసిట్ కన్సెంట్’కు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ మరొకటి ఉండదు.

ఈ మౌనాన్ని ప్రభుత్వం కూడా లెక్కిస్తుంది. 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం భాషాల్పసంఖ్యాకుల ప్రాథమిక విద్యకు ఒక ప్రమాణం ఏర్పరచింది. ఒక పాఠశాల మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష మాట్లాడే పిల్లలుంటే, ఆ భాషలో బోధించడానికి కనీసం ఒక ఉపాధ్యాయుని నియమించవలెనని అందులో ఉన్నది. మాతృభాష ఏదన్నది తల్లిదండ్రులు గాని సంరక్షకులు గాని ప్రకటించిన దానిని బట్టి నిర్ణయమవుతుందని కూడా అందులోనే ఉన్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ కృషి చేయవలెనని చెబుతున్నది. హక్కు ఉన్నది. కాని ఆ హక్కు ‘ప్రకటించిన’ వారికే అక్కరకు వస్తుంది. ప్రవేశ దరఖాస్తులో ‘మాతృభాష’ అన్న గడి ఖాళీగా వదిలితే, మనసులో ఎంత అభిమానమున్నా, అది గుర్రం విషయంలో జవాబు వ్రాయని యువకుని ఇష్టం వంటిదే అవుతుంది.

‘ఊరుకున్నంత ఉత్తమం లేదు’ అని తెలుగులో ఒక సామెత. తగవుల వేళ అది మంచి సలహాయే. ‘అడగనిదే అమ్మయినా పెట్టదు’ అని మరొక సామెత. బిడ్డ చదువు విషయంలో, భాష విషయంలో తెలుగువారు పాటించవలసినది ఈ రెండవదాన్ని. తల్లిదండ్రులు దరఖాస్తులో ‘తెలుగు’ అని స్పష్టంగా వ్రాయవలెను. సాయంకాలం బిడ్డను తెలుగులో పలుకరించవలెను. ఉపాధ్యాయులు వెనుకబల్ల మౌనాన్ని పలికించవలెను. పూర్వ విద్యార్థులు తమ పిల్లలను, మనుమలను ఈ ప్రాంగణానికి తీసుకొనివచ్చి, తాము అక్షరాలు దిద్దిన గదులను తెలుగులోనే పరిచయం చేయవలెను.

ఈ పాఠశాలపై ఇందరికి ప్రేమ ఉన్నదని ఈ సభే చాటుతున్నది. ఆ ప్రేమ ‘ట్యాసిట్’గా ఉంటే సగమే అవుతుంది. తక్కిన సగం మాటగా, వ్రాతగా, చేతగా రావలెను.